మలుపులో నేరుగా పోయే స్లెడ్: 137 అంగుళాల ట్రాక్ బండి, కొన్ని సీజన్ల తర్వాత

అమెరికాలోని మిషిగన్ అప్పర్ పెనిన్సులాలో స్నోమొబైల్ (స్లెడ్ అనీ అంటారు: ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు బెల్టు లాంటి ట్రాక్ ఉన్న మంచు బండి) ట్రెయిల్స్ డిసెంబర్ 1 నుంచి మార్చి 31 దాకా తెరిచి ఉంటాయి. ఆ దారుల మీద కొన్ని సీజన్లు నడిచిన బండి గురించి ముందే చెప్పేస్తా: ఇంజన్‌కు వంక పెట్టలేం, షోరూమ్ సెట్టింగుతో మాత్రం మలుపు తిరగదు. హ్యాండిల్ తిప్పినా ముక్కు నేరుగానే పోతుంది. దీనికి చాలామంది కొత్త స్కీలు కొంటారు. నన్నడిగితే దండగ.

ముందు స్కీ కింద కార్బైడ్ చూడండి, అంటే మంచును కరిచే గట్టి లోహపు పట్టీ. అంచు గుండ్రబడితే ఏ సెట్టింగూ పనిచేయదు. ట్రాక్‌కు స్టడ్లు (పట్టు కోసం లోహపు మేకులు) వేయించి కార్బైడ్ పొట్టిదే ఉంచితే మరీ ఘోరం, వెనక పట్టు ముక్కును ముందుకు తోసేస్తుంది. స్కీల ముందు కొనల మధ్య దూరం వెనక వైపు కన్నా 3 నుంచి 6 మి.మీ. ఎక్కువుంటే చాలు.

తర్వాత శాగ్, అంటే మనం కూర్చుంటే బండి వెనక భాగం దిగే దూరం. వెనక బంపర్ పైకెత్తి ఎత్తు కొలిచి, పూర్తి గేర్‌తో కూర్చుని మళ్లీ కొలవాలి. ఈ తరహా బండికి 3-4 అంగుళాలు దిగితే సరి. అంతకు మించితే వెనక టార్షన్ స్ప్రింగును బిగించే క్యామ్ ఒక మెట్టు పెంచాలి, లేకపోతే తోక కూలబడి స్కీల మీద బరువు ఉండదు.

అసలు కీలకం లిమిటర్ స్ట్రాప్, అంటే ట్రాక్ సస్పెన్షన్ ముందు భాగం ఎంత కిందికి దిగాలో ఆపే పట్టీ. ఒక్క రంధ్రం పొట్టి చేస్తే ట్రాక్ ముందు భాగం పైకి లాగబడి, బరువు స్కీల మీదికి వస్తుంది. రెండు స్ట్రాపులుంటే రెండూ సమానంగా మార్చాలి. ఒకేసారి రెండు రంధ్రాలు వద్దు: హ్యాండిల్ బరువెక్కుతుంది, పాత గాట్లలో స్కీలు అటూ ఇటూ లాగుతాయి, తోక జారుతుంది. ట్రాక్ లోపల ముందు వైపుండే సెంటర్ షాక్ ప్రీలోడ్ (స్ప్రింగును ముందే బిగించి ఉంచే బిగువు) పెంచితే ఫలితం దీనికి తిరగబడుతుంది, కాబట్టి రెండూ ఒకే రోజు ముట్టుకోకండి. లోపలి స్కీ గాల్లోకి లేస్తుంటే స్కీ స్ప్రింగుల ప్రీలోడ్ తగ్గించండి.

మోటార్‌సైకిల్ అలవాటున్నవాళ్లకు ఇక్కడే ఇబ్బంది. బండి వాలదు, మనమే వాలాలి. బ్రేకు తిన్నని దారిలోనే ముగించి, సీటు మీద ముందుకు జరిగి, మలుపు లోపలికి ఒరగాలి. బొటనవేలితో నొక్కే గ్యాస్ కొంచెం వదిలితే స్కీలు కరుస్తాయి. మలుపు మధ్యలో గ్యాస్ నొక్కితే ముక్కు తేలి బయటికి పోతుంది. మలుపు లోపలి అంచుకు దగ్గరయ్యే చోటు (ఏపెక్స్) దాటాకే నొక్కాలి.

వారాంతం మధ్యాహ్నానికి ట్రెయిల్ గుంతలు పడుతుంది. అప్పుడు స్ట్రాప్ జోలికి పోకుండా షాక్ కంప్రెషన్ (షాక్ లోపలికి నొక్కుకునేటప్పటి గట్టిదనం) దాని మీది క్లిక్కర్‌తో ఒకటి రెండు క్లిక్కులు పెంచితే సరిపోతుంది. క్లిక్కర్లు లేని చౌక రకం కొనేముందు ఇది ఆలోచించుకోండి.