ఈసీయూ ఫ్లాషింగ్ టూల్: మూడేళ్లు వాడాక, ఆ పచ్చ టిక్కు మీద నా కోపం

కారు ఇంజిన్‌ని నడిపే కంప్యూటరే ఈసీయూ, అందులో పాత సాఫ్ట్‌వేర్ చెరిపి కొత్తది రాయడమే ఫ్లాషింగ్. ఆ పని చేసే ఈ పాస్‌త్రూ టూల్‌ని మూడేళ్లుగా వాడుతున్నా. కారు ఎర్రర్ కోడ్లు చదవడం, చెరపడం గురించి చెప్పేదేం లేదు, ఆ పని చిన్న బ్లూటూత్ డాంగిల్ కూడా చేస్తుంది. నా గొడవంతా ఫ్లాషింగ్ ముందు ఇది చూపించే పచ్చ టిక్కుతోనే, "బ్యాటరీ వోల్టేజ్ ఓకే" అంటుందే, అది.

నా పాత కారులో ఏసీ వేస్తే ఐడిల్‌లో ఆర్‌పీఎం ఊగేది, దానికి ఈసీయూలో వేసే కొత్త క్యాలిబ్రేషన్, అంటే మార్చిన సెట్టింగుల ఫైలు, వచ్చింది. అంతకుముందు కారులోని వేరే మాడ్యూల్స్ (ఒక్కో పనికి ఉండే చిన్న కంప్యూటర్లు) రెండు ఫ్లాష్ చేసి ఉన్నా, ఏ ఇబ్బందీ రాలేదు, ఆ ధైర్యంతో బ్యాటరీకి 5 ఆంపుల మామూలు ఛార్జర్ తగిలించి మొదలెట్టేశా. 12.6 వోల్టులు, టిక్కు పచ్చగా ఉంది. పాతది ఎరేజ్ అయింది, కొత్తది రాయడం మొదలైంది, అంతలో రేడియేటర్ ఫ్యాన్ ఒక్కసారిగా ఫుల్ స్పీడ్ అందుకుంది. ఇంజిన్ చల్లగా ఉంటే ఇదెందుకు తిరుగుతోందిరా బాబూ అనుకుంటూ నిలబడ్డా. తర్వాత అర్థమైంది, ఈసీయూ బూట్‌లోడర్‌లోకి (కొత్త సాఫ్ట్‌వేర్ రాయించుకునే చిన్న ప్రోగ్రామ్) వెళ్లాక ఫ్యాన్‌కి ఆగమని చెప్పేవాళ్లు ఉండరు, ఇంజిన్ వేడెక్కకూడదని చాలా కార్లలో అలాంటప్పుడు అది ఫుల్‌గా తిరిగేస్తుంది, అదొక్కటే 20 ఆంపుల పైన లాగేస్తుంది, పైగా ఇగ్నిషన్ ఆన్‌లో ఉంది కాబట్టి ముందు లైట్లు కూడా వెలుగుతున్నాయి. ఇక నా 5 ఆంపులు ఏ మూలకి? మల్టీమీటర్ పెడితే 11.4. 71 శాతం దగ్గర బార్ ఆగిపోయింది, "కమ్యూనికేషన్ ఎర్రర్" అని ఒక్క ముక్క, అంతే.

టిక్కు మాత్రం ఇంకా పచ్చగానే ఉంది! అంటే ఇది వోల్టేజ్‌ని మొదట్లో ఒక్కసారే చూస్తుందన్నమాట. టూల్ తగిలించే కారు పోర్టులో 16వ పిన్ నేరుగా బ్యాటరీదే, దీనికి కరెంటు వచ్చేదే అక్కణ్నుంచి, మధ్యలో ఇంకోసారి చూసుకోడానికి ఏమొచ్చిందో.

కీ ఆఫ్ చేయబోయి ఆగిపోయా, ఇంట్లో వాళ్ల కారు పక్కకు తెచ్చి స్టార్ట్ చేసి జంపర్ కేబుల్స్ వేస్తే వోల్టేజ్ 13.8కి ఎక్కింది. మెనూలో ఎక్కడో అడుగున రికవరీ అని ఉంది, అది నొక్కితే మళ్లీ సున్నా నుంచి మొదలైంది. 24 నిమిషాలు ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నా, పూర్తయింది. ఏబీఎస్ లాంటి మిగతా మాడ్యూల్స్‌లో యూ0100 (ఇంజిన్ ఈసీయూతో మాట తెగిపోయిందనే కోడ్) పడింది, అవి చెరిపి, ఐడిల్ రీలెర్న్ చేసి, అంటే ఐడిల్‌ని ఈసీయూకి మళ్లీ నేర్పించి, ఏసీ వేస్తే ఆర్‌పీఎం ముల్లు కదల్లేదు.

ఆ రికవరీని అప్పట్లో కనపడ్డ వాళ్లందరి దగ్గరా పొగిడా. ఇప్పుడు ఆలోచిస్తే అందులో టూల్ గొప్పతనం సగమే, బూట్‌లోడర్‌ని చెరగని చోట పెట్టడం ఈసీయూ చేసినవాళ్ల పుణ్యం.

కొనొచ్చా అంటే, నాకు ఇంట్లో ఇంకో కారుంది, సెలవు రోజు ఆగిపోయినా పర్లేదు కాబట్టి సరిపోయింది. ఉన్న ఒక్క కారుతోనే పొద్దున్నే ఆఫీసుకి వెళ్లాల్సినవాళ్లకి నేనైతే చెప్పను. గేట్‌వే లాక్ (బయటి టూల్స్‌ని అడ్డుకునే తాళం) ఉన్న కొత్త కార్లలో కంపెనీ లాగిన్ లేకపోతే ఇది ఎలాగూ కోడ్లు చదవడానికే పనికొస్తుంది. నేనైతే 50 ఆంపుల పవర్ సప్లై కొన్నా, అది టూల్ కంటే బరువుంది. ఫ్లాష్ అయ్యేదాకా మల్టీమీటర్ బ్యాటరీ మీదే ఉంచుతున్నా, ఆ టిక్కు వైపు చూడ్డం మానేశా.