యాక్సిడెంట్ అయిన మియాటాను బాగు చేసుకుని ఏళ్ల తరబడి నడిపాక

నా దగ్గరున్నది మాజ్దా ఎంఎక్స్-5. మియాటా అంటేనే చాలామందికి తెలుస్తుంది. 2005లో వచ్చిన మూడో తరం, 2.0 లీటర్ ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్, గుడ్డ టాప్. ముందు ఎడమ మూల గట్టిగా తగిలి, రెండు ఎయిర్‌బ్యాగులూ పేలి, ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ (బాగు చేయించడం దండగ) కింద రాసేసిన బండి. బాగు చేయించి చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. ఇలాంటి బండి కనబడగానే 'తీసుకోవచ్చా' అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

తీసుకోవచ్చు. అయితే అన్ని కార్లూ కాదు, అన్ని దెబ్బలూ కాదు. చవగ్గా స్పోర్ట్స్ కారు వస్తుందన్న ఆశతో అయితే అసలు వద్దు. పార్టులు, పెయింటు, అలైన్‌మెంట్, ఎయిర్‌బ్యాగులు అన్నీ కలిపి చూసుకుంటే, అదే ఏడాది మోడల్ మంచి బండి కొన్నదానికంటే నాకు మిగిలింది చాలా కొంచెం. నేను పెట్టిన పని గంటలకు కూలీ వేసుకుంటే అదీ లేదు. వారాంతాలు పోయినా ఫర్వాలేదు, బండిని నట్టు నట్టూ తెలుసుకోవాలి అనుకునేవాళ్లకే ఇది సరిపడే బేరం.

ముందుగా చూడాల్సింది కారు దేనితో, ఎలా కట్టారన్నది. మియాటాది మామూలు ఉక్కు బాడీ. ముందూ వెనకా సస్పెన్షన్ మొత్తం బోల్టులతో బిగించిన సబ్‌ఫ్రేముల (బాడీ కింద విడిగా ఉండే చట్రాలు) మీద ఉంటుంది. సబ్‌ఫ్రేమ్ వంగితే విప్పి ఇంకోటి పెట్టుకోవచ్చు. నాది వంగింది. వెనక నుంచి దెబ్బ తిన్న మరో మియాటా ముందు సబ్‌ఫ్రేమ్ తెచ్చి బిగించాం. అదే లోటస్ ఎలీజ్ అయితే కథ వేరు. దాని ఛాసిస్ అల్యూమినియం భాగాలను జిగురుతో అతికించి చేసింది. అది వంగిందంటే లాగి సరిచేసే పని ఉండదు, ఛాసిస్సే మార్చాలి. మెక్‌లారెన్ 12సీ, ఆల్ఫా 4సీ లాంటి వాటిలో కూర్చునే భాగమంతా కార్బన్ ఫైబర్. దెబ్బకు లోపల పొరలు విడిపోయినా పైకి చిన్న గీత కూడా కనబడకపోవచ్చు, అల్ట్రాసౌండ్ లాంటి పరీక్షలు చేయించాలి. ఇంట్లో షెడ్డు, నాలుగు స్టాండ్లు ఉన్న మనిషి వాటి జోలికి వెళ్లకపోవడమే మేలు.

దెబ్బ చూడ్డానికి వెళ్లినప్పుడు బంపర్, ఫెండర్, లైటు, బానెట్ ఎంత నుజ్జయినా కంగారు పడొద్దు. భయపెట్టేవి అవే కానీ విప్పి పారేసేవీ అవే. అసలు చూడాల్సింది వాటి వెనక. ఇంజిన్‌కు అటూ ఇటూ పోయే రైళ్లు (బాడీలోని పొడవాటి ఉక్కు దూలాలు) ఎక్కడిదాకా మడతపడ్డాయి? కొసన మడతపడితే ఆ ముక్క కోసి కొత్తది వెల్డ్ చేయొచ్చు. మడత సస్పెన్షన్ బిగించే చోటు దాకా వచ్చినా, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ కూర్చునే చోటుకూ మధ్య గోడ) నలిగినా నేను వెనక్కి తిరిగేవాణ్ణి. తర్వాత డోర్లు. పైన రూఫ్ లేని కారులో బలమంతా సిల్‌లోనూ (డోరు కింద పొడవునా ఉండే దూలం) ఫ్లోర్‌లోనూ ఉంటుంది, కాబట్టి బాడీ వంగితే డోరు గ్యాపే ముందు చెబుతుంది. రెండు డోర్లూ తీసి వేసి చూడండి. ఒకవైపు సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే బేరం అక్కడే ఆపేయండి. నా బండి డోర్లు రెండూ ఒకేలా పడ్డాయి. కొనడానికి సగం కారణం అదే.

అయస్కాంతం పట్టుకెళ్లేవాళ్లకు ఒక మాట. ఈ తరం మియాటా బానెట్, డిక్కీ మూత రెండూ అల్యూమినియం. అయస్కాంతం అంటకపోతే పుట్టీ పూశారని గొడవకు దిగొద్దు. పెయింటు మందం కొలిచే మీటర్ తెచ్చుకుంటే, అది అల్యూమినియం మీద కూడా పనిచేసే రకమై ఉండాలి. ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. అంతకు రెండు మూడు రెట్లు చూపిస్తే ఆ చోట ముందే ఒకసారి పని జరిగిందన్నమాట.

కంటితో చూసింది చాలదు, కొలవాలి. బాడీ మీద ఏ రంధ్రం నుంచి ఏ రంధ్రానికి ఎంత దూరం ఉండాలో కంపెనీ బాడీ రిపేర్ మాన్యువల్‌లో ఉంటుంది. ఐమూలగా రెండు కొలతలూ తీసి పోలిస్తే వంకర బయటపడుతుంది. మూడు మిల్లీమీటర్లు దాటిన తేడాను నేను తేలిగ్గా తీసుకోను. లాగి సరిచేసేటప్పుడు గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చే టింకరింగ్ మేస్త్రీ దగ్గరికి మాత్రం వద్దు. ఇప్పటి కార్లలో అధిక బలం ఉన్న ఉక్కు వాడతారు. కాలిస్తే ఆకారం వస్తుంది, బలం పోతుంది. మళ్లీ దెబ్బ తగిలినప్పుడు ఆ రైలు డిజైన్‌లో అనుకున్నట్టు మడతపడదు.

ఇంకెవరో సగం పని మొదలుపెట్టి వదిలేసిన బండి ఇంకాస్త చవగ్గా దొరుకుతుంది. నేనైతే ముట్టను. విప్పిన బోల్టులు డబ్బాల్లో కలిసిపోయి ఉంటాయి, క్లిప్పులు సగం ఉండవు, ఏది ఎక్కడిదో మనకు తెలియదు. ప్రమాదం జరిగినప్పుడు ఎలా ఉందో అలాగే ఉన్న బండి చూడ్డానికి ఎంత ఘోరంగా ఉన్నా నయం. ఏది విరిగిందో, ఏది మిగిలిందో ఎదురుగా కనబడుతుంది.

ఇంజిన్ గురించి రెండే మాటలు. రేడియేటర్ పగిలాక ఇంజిన్ కాసేపు నడిచి ఉంటే హెడ్ (సిలిండర్ల పైన ఉండే భాగం) వంగి ఉండొచ్చు, కాబట్టి కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూసుకోవాలి. బండి పక్కకో తలకిందులుగానో పడి ఉంటే సిలిండర్లలోకి ఆయిల్ దిగే ప్రమాదం ఉంది. ప్లగ్గులు తీసి చేత్తో తిప్పి చూశాకే స్టార్ట్ చేయాలి. అమ్మేవాళ్లు 'స్టార్ట్ అవుతుంది సార్, చూడండి' అని తాళం తిప్పబోతే వద్దని ఆపండి.

లెక్కలన్నీ తలకిందులు చేసేవి ఎయిర్‌బ్యాగులు. బ్యాగు పేలిందంటే బ్యాగుతో పోయేది కాదు. పక్క సీటు బ్యాగుకు డాష్‌బోర్డు చీలింది, అద్దం పగిలింది. సీటు బెల్టుల్లో ప్రీటెన్షనర్లు (దెబ్బ తగలగానే బెల్టును బిగించేవి) కూడా పేలాయి, అంటే బెల్టులు మొత్తంగా మార్చాలి. స్టీరింగ్ కింద క్లాక్ స్ప్రింగ్ (తిరిగే స్టీరింగ్‌లోని బ్యాగుకు కరెంటు అందించే చుట్ట వైరు), ముందున్న క్రాష్ సెన్సర్లు, ప్రమాదం డేటా నిలిచిపోయిన కంట్రోల్ యూనిట్, ఇవన్నీ ఆ చిట్టాలోవే. నా మొత్తం ఖర్చులో బాడీ పని కంటే వీటి వాటాయే ఎక్కువ.

ఇక్కడే అందరికీ షార్ట్‌కట్ గుర్తొస్తుంది, పాత కార్ల నుంచి ఊడదీసిన బ్యాగులు. వాటి చరిత్ర మనకు తెలియదు. టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లలో (బ్యాగును గ్యాస్‌తో నింపే భాగాలు) వాడిన అమ్మోనియం నైట్రేట్ వేడికీ తేమకూ ఏళ్ల తరబడి పాడై, బ్యాగు పేలినప్పుడు లోహపు ముక్కలు మనుషుల మీదికి దూసుకొచ్చిన కేసులున్నాయి. ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల బ్యాగులు రీకాల్ అయ్యాయి. అలాంటిది ఒకటి తెచ్చి మన ఛాతీ ఎదురుగా బిగించుకోవడం నాకు నచ్చలేదు. కొత్తవే కొన్నాను. ఎవరో బాగు చేసి అమ్ముతున్న బండి చూస్తుంటే ఈ చిన్న పరీక్ష చేయండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేశారని అనుమానించాల్సిందే. లైటు సరిగ్గా ఆరినా నిశ్చింతగా ఉండలేం. బ్యాగు స్థానంలో రెసిస్టర్ (చిన్న ఎలక్ట్రికల్ ముక్క) పెట్టి కంప్యూటర్‌ను మోసం చేసేవాళ్లున్నారు. స్కానర్ కూడా దాన్ని పట్టదు, మూత విప్పి చూడాలి.

వీల్ అలైన్‌మెంట్ రిపోర్టులో అన్నీ పచ్చగా ఉన్నాయని చూపిస్తే నమ్మేయకండి. మియాటా కింది ఆర్ములకు (చక్రాన్ని పట్టుకుని ఉండే కడ్డీలు) సర్దుబాటు కోసం కామ్ బోల్టులుంటాయి, వాటిని తిప్పితే ఆర్ము కొంచెం జరుగుతుంది. వంగిన ఆర్మును కూడా వాటితో లెక్కలోకి తేవచ్చు. బోల్టు మీది గీత ఒకవైపు చివరిదాకా, రెండోవైపు మధ్యలో ఉంటే ఏదో వంగిందని అర్థం. స్టీరింగ్ యాక్సిస్ ఇన్‌క్లినేషన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత వాలు) కూడా ప్రింటు తీయమనండి. దానికి క్యాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకు వాలిన కోణం) కలిపితే వచ్చే అంకె రెండువైపులా ఒకటే అయి, విడివిడిగా తేడా ఉంటే ఆర్మో, దాన్ని బిగించే చోటో వంగింది లేదా జరిగింది. కలిపిన అంకెలోనే తేడా ఉంటే నకిల్ (చక్రం బిగించే లోహపు భాగం) వంగింది. నాది రెండో రకం. నకిల్ మార్చాక రెండువైపులా కలిశాయి, టైర్లు ఇప్పటికీ సమానంగానే అరుగుతున్నాయి.

ఈ కారుకే ప్రత్యేకమైన భాగం ఒకటుంది, గేర్‌బాక్సును డిఫరెన్షియల్‌తో (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) కలిపే పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్. దాన్ని పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అంటారు. గట్టి దెబ్బకు అది మెలిపడొచ్చు, చీలొచ్చు. కొనేముందు కిందికి దూరి టార్చ్ వేసి పొడవునా చూడాలి. విప్పి బిగించేటప్పుడు మాన్యువల్‌లో చెప్పిన ఎత్తు కొలత పాటించాలి. బాగైన కొత్తలో నా బండికి హైవే వేగంలో సన్నని వణుకు వచ్చేది. చక్రాలు బ్యాలెన్స్ చేసినా పోలేదు. ఈ ఫ్రేమ్ ఎత్తు మళ్లీ సరిచేయించాక పోయింది.

ఇన్నేళ్లలో ఏం మిగిలింది? వెల్డ్ చేసిన చోట తుప్పు రాలేదు. జింక్ ప్రైమర్ వేసి, సీలర్ పట్టించి, లోపలి బోలు భాగాల్లో మైనం కొట్టించాం. తుప్పు వచ్చింది దెబ్బ తగలని చోట, వెనక చక్రం ముందున్న సిల్‌లో. అది కారు వయసు, యాక్సిడెంట్ పాపం కాదు. కార్పెట్ తడవడం కూడా అంతే. సీట్ల వెనక నీళ్లు పోయే గొట్టాలు ఆకులతో మూసుకుపోతాయి, ఈ కార్లన్నిటికీ ఉన్న జబ్బే. రిపేర్ తాలూకు చికాకులన్నీ చిన్నవి. బయటి కంపెనీ హెడ్‌లైటులో వానాకాలం ఆవిరి పడుతుంది. అదే బాపతు ఫెండర్ ఎన్నిసార్లు సర్దినా డోరు దగ్గర కొంచెం పొడుచుకొచ్చినట్టే ఉంటుంది. పెయింటు మాత్రం బాగా కలిసింది, ఎందుకంటే ఫెండర్‌తో ఆపకుండా డోరు మీదికి కూడా రంగు పలచగా కలిపించాను. మెటాలిక్ రంగుకు ఆ ఖర్చు తగ్గించుకోకూడదు. డాష్‌బోర్డు విప్పి బిగించాక మొదలైన కిటకిట శబ్దం ఇంకా ఉంది. టాప్ దించితే గాలి హోరులో వినబడదు కాబట్టి వదిలేశాను.

నడపడంలో తేడా ఉందా అని అడుగుతారు. మంచి స్థితిలో ఉన్న ఇంకో మియాటా నడిపి చూశాను. స్టీరింగ్, బ్రేకులు, మలుపుల్లో పట్టు, దేనిలోనూ తేడా దొరకలేదు.

కాగితాల సంగతి కొనకముందే కనుక్కోవాలి. బ్రిటన్‌లో 2017 నుంచి టోటల్ లాస్ కార్లను ఏ, బీ, ఎస్, ఎన్ అని విడదీస్తున్నారు. ఏ, బీ రకాలు మళ్లీ రోడ్డెక్కకూడదు. ఎస్ అంటే బాడీ నిర్మాణానికి దెబ్బ తగిలింది, ఎన్ అంటే తగల్లేదు. అమెరికా రాష్ట్రాల్లో సాల్వేజ్ టైటిల్, బాగు చేశాక రీబిల్ట్ టైటిల్ అంటారు. పేరు ఏదైనా ఆ ముద్ర పోదు. ఇన్సూరెన్స్ ఇచ్చేవాళ్లు తగ్గుతారు, ఇచ్చినా విలువ తక్కువ కడతారు. కొనేముందే ఫోన్ చేసి కోట్ అడగండి. అమ్మేటప్పుడు కూడా ధర తెగుతుంది. ఏడాదిలో అమ్మి లాభం చేసుకుందామనుకునేవాళ్లకు ఈ ఒక్క పాయింటుతోనే లెక్క తేలిపోతుంది.

మళ్లీ ఇలాంటిది కొనాల్సి వస్తే వెనక దెబ్బ తగిలి ఎయిర్‌బ్యాగులు పేలని బండి వెతుకుతాను. రేడియేటర్, ఏసీ, డాష్‌బోర్డు, బెల్టులు చాలావరకు తప్పుతాయి. నీళ్లలో మునిగినదైతే ఉచితంగా ఇచ్చినా వద్దు, వైరింగ్‌లో తుప్పు ఎప్పుడు ఎక్కడ బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు. ముందు దెబ్బ బండే దొరికితే, పార్టు నంబర్లతో సహా చిట్టా రాసుకుని, క్లిప్పులూ కూలెంటూ కూడా వేసుకుని, ఒక్కోదానికీ ధర కనుక్కున్నాకే బేరానికి కూర్చుంటాను. ఆ మొత్తానికి పాతిక శాతం కలిపాక కూడా మంచి బండి ధరకు గట్టి తేడా ఉంటేనే అడ్వాన్స్ ఇస్తాను.