మా ఆఫీసులో ఏడేళ్లుగా ఫ్లెక్స్‌నెట్ లైసెన్స్ సర్వర్ వాడాక నా అభిప్రాయం

మాది పంజాగుట్టలో స్ట్రక్చరల్ డిజైన్ ఆఫీసు. సిస్టమ్‌లు 22, డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి ఉన్న ఫ్లోటింగ్ లైసెన్సులు మాత్రం 8, అంటే ఏ సిస్టమ్‌లోనైనా వాడొచ్చు కానీ ఒకేసారి ఎనిమిదే. అడిగినవాళ్లకి వాటిని పంచే ఫ్లెక్స్‌నెట్ సర్వర్ చూసుకునేది నేనే. మొదట్లో పొద్దున పదకొండయ్యేసరికి "అన్నా, లైసెన్స్ రావట్లేదు" అని ఫోన్లు మొదలయ్యేవి, ఇప్పుడు నెలకి ఒకటొస్తే ఎక్కువ. ఈ సిస్టమ్ నాకు బాగా నచ్చింది, కాకపోతే లోపల ఏం జరుగుతుందో తెలియకుండా పెట్టుకుంటే ఏడిపిస్తుంది.

సర్వర్‌లో నడిచేవి రెండు ప్రోగ్రాములు, చాలామందికి ఇదే తెలీదు. మన సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేస్తే అది ముందు లైసెన్స్ మేనేజర్‌ని అడుగుతుంది, మామూలుగా 27000 నుంచి 27009 లోపు పోర్టులో (నెట్‌వర్క్‌లో ఆ ప్రోగ్రామ్‌ని చేరే నంబర్) ఉంటుందది, అది లైసెన్స్ ఇవ్వదు, ఫలానా పోర్టులో వెండర్ డీమన్ (సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చే రెండో ప్రోగ్రామ్) ఉంది అక్కడికి వెళ్లు అని చెప్పి పంపిస్తుంది అంతే. లెక్క చూసి లైసెన్స్ ఇచ్చేది ఆ డీమనే. దాని పోర్టు మనం ఫిక్స్ చేయకపోతే రీస్టార్ట్ అయినప్పుడల్లా మారిపోవచ్చు. మాకు సరిగ్గా అదే అయింది, కరెంటు పోయి సర్వర్ మళ్లీ లేచాక ఒక్కళ్లకీ లైసెన్స్ రాలేదు, మైనస్ 15 ఎర్రర్ (సర్వర్‌కి కనెక్ట్ కాలేదని), నేనేమో ఫైర్‌వాల్‌లో 27000 తెరిచే ఉంది కదా అని సగం రోజు నెట్‌వర్క్ కేబుళ్లు పీకి పెడుతూ కూర్చున్నా. లైసెన్స్ ఫైల్‌లో (కంపెనీ ఇచ్చే, లైసెన్సుల వివరాలుండే ఫైల్) వెండర్ లైన్ చివర పోర్టు నంబర్ రాసి, ఫైర్‌వాల్‌లో రెండు ప్రోగ్రాముల పోర్టులూ తెరిచాక ఆ గొడవ మళ్లీ రాలేదు.

ఫైల్‌లో పోర్టు, సర్వర్ పేరు మార్చుకోవచ్చు కానీ లైసెన్సుల సంఖ్య మారిస్తే కంపెనీ అందులో పెట్టిన డిజిటల్ సంతకం కలవక ఫైల్ చెల్లదు. మా ఫైల్ సర్వర్ మాక్ అడ్రస్‌కి (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబర్) కట్టేసి ఉంది, అందుకని నెట్‌వర్క్ కార్డు మార్చాలంటే ముందే కొత్త ఫైల్ తెప్పించుకోండి.

ఇక అసలు విషయం. 8 సరిపోవట్లేదు ఇంకో 4 కొందామని మా సార్ కొటేషన్ కూడా తెప్పించారు. అప్పుడు డీబగ్ లాగ్ తీసి చూశా, ఎవరు ఎన్నింటికి తీసుకున్నారు, ఎప్పుడు తిరిగిచ్చారు, ఎవరికి దొరకలేదు అన్నీ ఉంటాయందులో. రోజూ ముగ్గురు సాఫ్ట్‌వేర్ తెరిచే ఉంచి భోజనానికి, మీటింగులకి వెళ్తున్నారు, ఒకాయనైతే రాత్రంతా అలాగే వదిలేసి వెళ్తున్నాడు! ఆప్షన్స్ ఫైల్‌లో (డీమన్‌కి మన నియమాలు రాసిపెట్టే ఫైల్) టైమవుట్ 3600 సెకన్లు పెట్టా, గంట కదలకపోతే లైసెన్స్ వెనక్కొచ్చేస్తుంది. సాఫ్ట్‌వేర్ దీన్ని సపోర్ట్ చేయాలి, మాది చేస్తుంది. తిరిగొచ్చేసరికి ఇంకొకరు తీసుకుని ఉంటే ఆగాల్సిందే, ఆ సంగతి అందరికీ ముందే చెప్పి పెట్టా. కొనే మాట మళ్లీ రాలేదు, ఆ డబ్బుతో రెండు మంచి మానిటర్లు వచ్చాయి.

బారో, అంటే కొన్ని రోజులకి లైసెన్స్‌ని లాప్‌టాప్‌లో బయటికి తీసుకెళ్లడం, మాత్రం జాగ్రత్తగా వాడండి. పటాన్‌చెరు సైటుకి లాప్‌టాప్‌లో లైసెన్స్ తీసుకెళ్తే ఇక్కడ లెక్కలో ఒకటి తగ్గుతుంది, ఓసారి నెల రోజులకి ఇచ్చాను, నాలుగో రోజే ఆ లాప్‌టాప్ పాడైంది. గడువు అయ్యేదాకా ఏడింటితోనే నడిపాం. ఇప్పుడు మూడు రోజులకి మించి ఇవ్వట్లేదు, కావాలంటే మళ్లీ వచ్చి తీసుకోమంటా.