రెండేళ్లుగా వాడుతున్న రోబో చేయి: ఆ గ్రాఫ్ కోసమే ఉంచుకున్నా

రెండేళ్లుగా ఈ రోబో చేయి కిట్ నా బల్ల మీదే ఉంది. ఎన్ని కీళ్లు, ఎంత బరువు ఎత్తుతుంది లాంటివి పెట్టె మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి పోను. నాకు ప్రాణమైపోయింది ఒక్కటే. ప్రతి కీలు దగ్గరా ఎన్‌కోడర్ ఉంది, ఆ కీలు ఈ క్షణంలో ఏ కోణంలో ఉందో అది చెబుతూనే ఉంటుంది, ఆ అంకెల్ని కంప్యూటర్‌కి పంపి గ్రాఫ్‌గా చూసుకోవచ్చు. మనం వెళ్లమన్న కోణం ఒక గీత, చేయి నిజంగా వెళ్లిన కోణం ఇంకో గీత. రెండో గీత మొదటిదాన్ని దాటిపోయి, వెనక్కొచ్చి, కాస్త ఊగి కుదురుకోవడం మొదటిసారి చూసిన రోజున, క్లాసులో నెలల తరబడి రాసుకున్న కంట్రోల్ సిస్టమ్స్ నోట్సు అప్పటికప్పుడు అర్థమైపోయింది. మామూలు హాబీ సర్వోల్లో (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటార్లు) ఈ సర్దుబాటంతా లోపలే జరిగిపోతుంది, మనకేమీ కనపడదు.

ఇక విరిగిన సంగతి. ప్రాజెక్టు డెమో రేపనగా ఆ రాత్రి చేయి పూర్తిగా చాచి, గ్రిప్పర్‌కి ఒక చెక్కముక్క పట్టించి చూస్తున్నా. మోచేతి కీలు సన్నగా వణకడం మొదలుపెట్టింది. బలం చాలట్లేదేమో అనుకుని కోడ్‌లో గెయిన్ (కోణంలో తేడాకి మోటారు ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకె) పెంచా. వణుకు కాస్తా ఊపైంది, ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది, ప్లగ్ పీకేలోపే టక్కుమని చప్పుడు. ప్లాస్టిక్ గేరుకి మూడు పళ్లు ఎగిరిపోయాయి. బల్ల కింద వెతికితే రెండే దొరికాయి.

రికార్డులో కారణం ‘రెజొనెన్స్’ (వస్తువు ఊగే లయకి సరిపడేలా బయటి నుంచి తోస్తుంటే ఊపు పెరిగిపోవడం) అని రాసేసి, టకోమా నారోస్ వంతెన కూడా ఇలాగే కూలిందని ఒక వాక్యం చేర్చా. మా సార్ అది చదివి ఒకటే అడిగారు, “మరి ఇక్కడ లయగా తోసిందెవరు?” అని. జవాబు లేదు నా దగ్గర.

అప్పుడు కూర్చుని ఆ వంతెన గురించి సరిగ్గా చదివా. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 1940 జూలై 1న తెరిచారు, అదే ఏడాది నవంబర్ 7న గంటకు సుమారు 64 కిలోమీటర్ల గాలికి మెలికలు తిరిగి కూలింది. ఆ గాలి లయగా తోయలేదు. వంతెన అంచుల వెంట 2.4 మీటర్ల ఎత్తున ఉక్కు పలకలు, వాటిలో గాలి దూరే సందు లేదు, డెక్ (వంతెన మీది రోడ్డు భాగం) కాస్త మెలితిరిగితే చాలు, ఆ కదలికే గాలి నుంచి ఇంకాస్త బలం లాక్కుని మెలిక పెంచింది. దీన్ని ఫ్లట్టర్ అంటారు. 1950లో మళ్లీ కట్టినప్పుడు పలకలు తీసేసి, గాలి దాటిపోయేలా ట్రస్ (ఉక్కు కడ్డీల చట్రం) పెట్టారు.

మరి నా రోబో చేతికి బలం ఇచ్చిందెవరు? సేవ్ అయిన గ్రాఫ్ ఫైల్ తెరిచి టైములు చూశా. కోణం చదివి మోటారుకి సవరణ పంపే లూప్ సెకనుకు 100 సార్లు తిరగాల్సింది, 20 సార్లే తిరిగింది. గ్రాఫ్ కోసం లూప్ తిరిగిన ప్రతిసారీ 48 అక్షరాల వరుస ప్రింట్ చేయిస్తున్నా, సీరియల్ వేగం (సెకనుకు కంప్యూటర్‌కి వెళ్లే బిట్లు) మాత్రం శాంపిల్ కోడ్‌లో ఉన్న 9600 దగ్గరే వదిలేశా. అక్షరానికి 10 బిట్లు, అంటే సెకనుకు 960 అక్షరాలు, 48తో భాగిస్తే సరిగ్గా 20. ప్రింట్ అయ్యేదాకా లూప్ ఆగిపోతోంది, ఈలోగా చేయి ఎటో వెళ్లిపోతోంది, మోటారేమో పాత లెక్క పట్టుకుని తోస్తోంది. ఆలస్యంగా వచ్చిన సవరణ ఊపుని ఆపాల్సింది పోయి పెంచింది. ఆవిరి యంత్రాల గవర్నర్లు (వేగాన్ని అదుపు చేసే పరికరాలు) కుదురుగా ఉండకపోవడం మీద భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1868లోనే లెక్కకట్టి చూపించారు, నాది దానికి దగ్గర చుట్టమే. అంటే నేను ఇంతగా మెచ్చుకున్న ఆ గ్రాఫే గేరు విరగ్గొట్టింది. మాన్యువల్లో దీని గురించి ఒక్క ముక్క లేదు, ఆ కోపం నాకింకా ఉంది.

ఇప్పుడు వేగం 115200, పదిసార్లకి ఒక్కసారే ప్రింట్, గెయిన్ తగ్గించి, ఊపుని అణిచే డెరివేటివ్ గెయిన్ కాస్త పెంచా. ఎనిమిది నెలలైంది, మళ్లీ వణకలేదు. ఇంకో అలవాటు కూడా వచ్చింది. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో (కరెంటుతో పనిచేసే స్విచ్) రెక్కల పురుగు దొరికితే దాన్ని లాగ్‌బుక్‌లో టేపుతో అతికించారు కదా, యంత్రంలో లోపానికి బగ్ అనే మాట అక్కడే పుట్టిందంటారు గానీ ఎడిసన్ రోజుల నుంచే ఉంది. నాకు నచ్చింది పురుగు కాదు, పక్కనే టైము 15:45, ప్యానెల్ ఎఫ్, రిలే 70 అని రాసిపెట్టడం. నేను కూడా ప్రతి ఫైల్ పేరులో తేదీ, గెయిన్, సీరియల్ వేగం పెడుతున్నా.

కొనమంటానా? నాకు సాయంత్రాలు ఖాళీ, అడగ్గానే చెప్పే సార్ ఉన్నారు, కోడ్ తవ్వడం ఇష్టం, కాబట్టి నాకు సరిపోయింది. రెండు వారాల్లో పోటీకి వెళ్లాల్సినవాళ్లకి మాత్రం చెప్పలేను, ఎన్‌కోడర్ కనెక్టర్లు నెలకోసారైనా వదులవుతాయి, విడి గేరు వచ్చేసరికి నాకు మూడు వారాలు పట్టింది.