జిప్సీ క్లచ్ చప్పుడు: ఆటోనగర్‌లో విని చెప్పే మేస్త్రి

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో పాత జీపులు, జిప్సీలు చూసే చిన్న షెడ్డు ఒకటి ఉంది. బోర్డు లేదు, కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు. అయినా మీ మాన్యువల్ ఫోర్ బై ఫోర్ బండికి క్లచ్ దగ్గర చప్పుడు వస్తుంటే, ఎవరైనా గేర్ బాక్స్ విప్పుతామంటే, ముందు ఇక్కడ ఒకసారి వినిపించండి.

మాది 1.3 లీటర్ మారుతీ జిప్సీ. పాడేరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కాఫీ, మిరియాల బస్తాలు దింపుతాం. గెడ్డలు (వాగులు) దాటాలి, ఎర్రమట్టి దారుల్లో ఫోర్ ఎల్ (నాలుగు చక్రాలూ లాగే లో గేర్) వేసి ఎక్కాలి. ఈ వానాకాలం తర్వాత ఇంజిన్ ఐడిల్‌లో ఉంటే చాలు, సన్నగా కిచకిచమనే చప్పుడు మొదలైంది. పెడల్ పూర్తిగా తొక్కితే అది పోయి, గరగరమని వేరే చప్పుడు వచ్చేది. ముందు చూపించిన గ్యారేజీలో, కాలు తీసినప్పుడు చప్పుడు వస్తోంది కాబట్టి గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి బాక్స్‌లోకి వెళ్లే ఇరుసు) బేరింగ్ పోయిందన్నారు. బాక్స్ మొత్తం విప్పాలని, 22 వేలు అవుతుందని లెక్క రాసిచ్చారు. జిప్సీ తయారీ ఆగిపోయింది కదా, సామాను దొరుకుతుందో లేదో అన్న టెన్షన్ ఒకటి.

ఈ మేస్త్రి గారు బండి చూడగానే స్పానర్ పట్టుకోలేదు. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా ఆగారు. హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను బెల్ హౌసింగ్‌కు (క్లచ్ చుట్టూ ఉండే తొడుగుకు) ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నారు. "పెడల్ మీద బొటనవేలు మాత్రం ఆనించండి సార్, తొక్కొద్దు" అన్నారు. ఆనించగానే కిచకిచ ఆగింది. వేలు తీస్తే మళ్లీ వచ్చింది. ఆయన వెంటనే క్లచ్ కేబుల్ దగ్గరికి వెళ్లారు. పెడల్ మొదట్లో ఊరికే కదలాల్సిన ఖాళీ, అదే ఫ్రీ ప్లే, అసలు లేదు. ఎవరో కేబుల్ బాగా బిగించేశారు. దానివల్ల, తొక్కినప్పుడు క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ను నొక్కి పట్టేది) వేళ్లకు ఆనుకుని, బరువు లేకుండా ఊరికే తిరుగుతోంది. నట్టు కొంచెం వదులు చేశారు. పెడల్ పైన ఉన్నప్పుడు వచ్చే చప్పుడు పూర్తిగా పోయింది. ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ పోయి ఉంటే కేబుల్ వదులు చేసినంత మాత్రాన అది ఆగదు. వేలల్లో చెప్పిన రిపేరు ఆ ఒక్క నట్టుతో తేలిపోయింది.

ఇక మిగిలింది గరగర. పెడల్ మెల్లగా తొక్కించారు. ఫ్రీ ప్లే అయిపోయి బేరింగ్ తగిలిన చోటే అది మొదలైంది, తొక్కేకొద్దీ పెరిగింది. తర్వాత పెడల్ పూర్తిగా నొక్కి ఉంచి ఫస్ట్ గేర్ వేయించారు. క్లచ్ నొక్కి గేర్ వేస్తే ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగిపోతుంది, ఇంజిన్ వైపు ఉండే ఫ్లైవీల్ చక్రం తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి మధ్యలో ఉండే పైలట్ బేరింగ్ అరిగి ఉంటే అప్పుడు బాగా అరుస్తుందట. మా బండిలో ఏ తేడా రాలేదు, అంటే పోయింది రిలీజ్ బేరింగే. నాలుగు చక్రాలకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ సంగతి అడిగాను. బండి నిలబడి, న్యూట్రల్‌లో ఉంటే దానికి తిరుగుడే లేదు కదా అన్నారు. ఇదంతా పావుగంట పని. వినడానికి, కేబుల్ సరిచేయడానికి 300 తీసుకున్నారు.

దాన్ని మార్చడానికి గేర్ బాక్స్ దింపాక ఆ రిలీజ్ బేరింగ్ నా చేతిలో పెట్టారు. తిప్పితే ఇసుక నలిగినట్టు తగులుతోంది, లోపల గ్రీజు జాడ లేదు, అంచున ఎండిన ఎర్రమట్టి. ప్రెషర్ ప్లేట్ వేళ్ల కొసలు కూడా అరిగి గాడి పడ్డాయి. క్లచ్ ప్లేట్ ఇంకొన్నాళ్లు వస్తుందని చూపించి, మార్చాలా వద్దా అన్నది నాకే వదిలేశారు. బాక్స్ దింపే కూలీయే ఎక్కువ కాబట్టి సెట్టు మొత్తం వేయించాను, పైలట్ బేరింగ్ కూడా మార్పించాను. కూలీ 3,500. ముందు చెప్పిన మాటకు పైసా పెరగలేదు.

వెళ్లేముందు చెప్పిన మాట మాత్రం జిప్సీ ఉన్నవాళ్లందరూ వినాలి. క్లచ్ ప్లేట్ అరిగేకొద్దీ ఫ్రీ ప్లే పెరగదు, తగ్గుతుంది. ప్రెషర్ ప్లేట్ వేళ్లు బేరింగ్ వైపు జరుగుతాయి. అందుకని కేబుల్‌ను అప్పుడప్పుడూ వదులు చేయాలి. "క్లచ్ సరిగా పట్టడం లేదు" అనగానే బిగించేసే మెకానిక్‌లు నాకు చాలామంది తెలుసు. జారే క్లచ్‌ను అలా బిగిస్తే ఇంకా జారుతుంది, బేరింగ్ కూడా పోతుంది.

లోపాలు లేకపోలేదు. ఫోన్ ఎత్తరు. పని చేసేది ఆయన, ఒక కుర్రాడు, అంతే. ముందున్న బండి అయ్యేదాకా మీది ముట్టుకోరు, బేరింగ్ కోసం నేను రెండు రోజులు ఆగాల్సి వచ్చింది. అడిగితే తప్ప బిల్లు రాయరు, రాసినా సామాను, కూలీ కలిపేస్తారు. విడిగా రాయమని పట్టుబట్టండి, కాదనరు. పాత సామాను కూడా అడిగి తెచ్చుకోండి.

ఉదయం పదిలోపు వెళ్తే తీరిగ్గా వింటారు. మధ్యాహ్నం తర్వాత పక్క షెడ్డులో సుత్తి దెబ్బలు మొదలవుతాయి, ఇంత సన్నని చప్పుళ్లు అప్పుడు ఆయనకైనా పట్టుబడవు.