వైజాగ్‌లో 'ఆర్టిస్ట్ డెస్క్' చేయించుకునేవాళ్లూ, బ్యాలెన్స్ కట్టే ముందు కాస్త ఆగండి

డ్రాయింగ్ టాబ్లెట్ కోసం ప్రత్యేకంగా బల్ల చేయించుకుందామనుకుంటున్న మన ఊరివాళ్లకి ఈ పోస్టు. నేను 16,500 పోసి నేర్చుకున్నది మీరు ఊరికే చదివేయండి.

మాది పెదవాల్తేరు. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను. రోజుకి ఏడెనిమిది గంటలు పెన్ను చేతిలోనే ఉంటుంది. స్క్రీన్ ఉన్న పదహారంగుళాల టాబ్లెట్ కొన్నాక, డైనింగ్ టేబుల్ మీద వంగి వంగి మెడ పట్టేయడం మొదలైంది. వాలు బల్ల ఉంటే బాగుంటుందని ఊళ్లోనే ఒక ఫర్నిచర్ షాపుకి వెళ్లాను. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు.

"మేడం, ఇది ఆర్టిస్టులకే స్పెషల్. పద్దెనిమిది ఎంఎం ప్లై, పైన సన్‌మైకా, పదేళ్లు తిరిగి చూడక్కర్లేదు" అన్నాడు షాపువాడు. ఎనిమిది వేలు అడ్వాన్స్ ఇస్తే తెల్లకాగితం చీటీ చేతిలో పెట్టాడు. దాని మీద 'టేబుల్ 1' అనీ డబ్బు అంకె తప్ప ఇంకేం లేదు. ప్లై అన్న మాట లేదు, జీఎస్టీ నంబరు లేదు. నా బుద్ధి అప్పుడెక్కడికి పోయిందో!

బల్ల ఇంటికొచ్చిన రోజు మా అత్తయ్య చుట్టూ తిరిగి చూసి, "ఇదేటమ్మా, వ్యాసపీఠానికి కాళ్లు మొలిచినట్టుంది" అన్నారు. నవ్వుకున్నాం. మిగతా డబ్బు ఆ సాయంత్రమే కట్టేశాను.

మూడో రోజు నుంచి గీత వణకడం మొదలైంది. పైన గీస్తే బాగానే వస్తోంది, కింది అంచు దగ్గరికొచ్చేసరికి పాములా మెలికలు తిరుగుతోంది. కంప్యూటర్లో టాబ్లెట్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను, పెన్ను నిబ్బు మార్చాను, కేబుల్ మార్చాను. టాబ్లెట్టే పోయిందనుకుని ఒక రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే దాన్ని తీసి పాత డైనింగ్ టేబుల్ మీద పెట్టి గీస్తే స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది! సంగతేమిటంటే, టాబ్లెట్ జారకుండా కింద అడ్డుపట్టీలో షాపువాడు అయస్కాంతాలు బిగించాడు. ఇలాంటి పెన్నులో బ్యాటరీ ఉండదు, టాబ్లెట్ పుట్టించే విద్యుదయస్కాంత క్షేత్రంతోనే పనిచేస్తుంది. పక్కన గట్టి అయస్కాంతం ఉంటే గందరగోళపడక ఏం చేస్తుంది? స్టీలు రేకు మీద పెట్టినా ఈ తంటా రావచ్చు. అడ్డుగా చెక్క పట్టీయో రబ్బరో చాలు.

అసలు మోసం వానల్లో బయటపడింది. వారం ముసురు పట్టాక బల్ల అంచు ఒకచోట ఉబ్బి, సన్‌మైకా పట్టీ పెదవి విరిచినట్టు పైకి లేచింది. గోటితో గీరితే పొడి రాలింది. ప్లైవుడ్ అయితే అంచులో పొరలు పొరలుగా, నిలువొకటి అడ్డమొకటిగా కనబడాలి. ఇక్కడ బొంబాయి రవ్వని జిగురుతో ముద్ద చేసినట్టుంది. పార్టికల్ బోర్డు! సముద్రం పక్కన ఇల్లు, ఆ తేమకి అది నీళ్లు తాగిన రస్కే. మానిటర్‌ని గాల్లో నిలబెట్టే ఆర్మ్ క్లాంప్ బల్ల అంచుకి బిగించిన చోట అప్పటికే గుంట పడింది. కీళ్లకి తుప్పు సరే సరి.

కాబట్టి అంచు పట్టీ వేయకముందే వెళ్లి చెక్క చూడండి. వేసేశాక అయితే వైర్ల కోసం కోసిన కన్నంలోకి టార్చి కొట్టి చూడండి, అక్కడ దాచలేరు. ప్లై మీద ఐఎస్ 710 (ఇది భారతీయ ప్రమాణాల నంబరు) అని ముద్ర ఉంటే మెరైన్ రకం, అంటే నీటిని బాగా తట్టుకునేది. ఐఎస్ 303 అయితే పక్కన బీడబ్ల్యూఆర్ (మరిగే నీటినీ తట్టుకునే రకం) అని ఉందేమో చూడండి. ఎంఆర్ (తేమని కొంతవరకే ఓర్చుకునే) రకం అయితే బీచ్ పక్క ఇళ్లకి నేనైతే వద్దంటాను. ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి.

ఇంకో సంగతి, ఎత్తు. ఇందులో సగం తప్పు నాదే. బల్ల 30 అంగుళాలు, రాసుకునే బల్లలకి అది మామూలు ఎత్తే. దాని మీద టాబ్లెట్ వాలుగా లేచేసరికి చెయ్యి ఆనే చోటు 33 దాటింది. కుర్చీలో కూర్చుంటే నా మోచెయ్యి నేలకి 25న్నర అంగుళాల ఎత్తులో ఉంటుంది. ఇక భుజాలు చెవుల దాకా లేవక ఏమవుతాయి? ఆర్డరిచ్చే ముందు మీ కుర్చీలో కూర్చుని టేపుతో కొలుచుకోండి. షాపులో కూడా మీ టాబ్లెట్ పెట్టుకునే చూడండి. స్క్రీన్ లేని పలచని టాబ్లెట్ వాడేవాళ్లకి ఈ బల్లలు అసలు అక్కర్లేదు. కుర్చీ కాస్త పైకి లేపి, కాళ్ల కింద పీట వేసుకుని, మానిటర్ పై అంచు కళ్ల ఎత్తుకి తెచ్చుకుంటే సరిపోతుంది.

షాపువాడు ముందు "వానలో తడిపారేమో" అన్నాడు, తర్వాత ఫోనెత్తడం మానేశాడు. అదృష్టం, 'పద్దెనిమిది ఎంఎం ప్లై' అని అతను పంపిన వాయిస్ మెసేజ్ వాట్సాప్‌లో ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ రాయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషనే. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే కేసు వేయొచ్చు. ఇలాంటి బల్లే అంటగట్టించుకున్నవాళ్లుంటే చీటీ, ఫొటోలు, మెసేజ్‌లు పారేయకండి.

ప్రస్తుతానికి కంచరపాలెంలో మా పాత వడ్రంగి మేస్త్రి మామూలు బల్ల కాళ్లు నాలుగంగుళాలు కోసిచ్చాడు. టాబ్లెట్ వెనక చపాతీ పీట ఆనించుకుని గీస్తున్నాను, మెడ ఊరుకుంది. ఆర్టిస్ట్ డెస్క్ మేడ మీదికి చేరింది. అత్తయ్య దాని మీద గుమ్మడి వడియాలు పెడుతున్నారు. ఎండకి వాలు బాగా కుదిరిందట.