బరంపురంలో కారు తాళానికి డూప్లికేట్ చేయిస్తున్నారా? ముందు ఇది చదవండి

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. చల్లారితే రాయను, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

షాపు పేరు పెట్టను. ఒడిశా బరంపురంలో చిప్ తాళాలు చేస్తాడంటే, సరిహద్దుకి ఇవతల ఇచ్ఛాపురం, సోంపేట వాళ్ళలో సగం మందికి ఎవరో అర్థమైపోతుంది. రెండు నెలల క్రితం సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను, ఒకటే తాళంతో. రెండోది పోయిందన్నాడు అమ్మినాయన, పది వేలు తగ్గించాడు. నేను ఎగిరి గంతేశాను. తెలివైనవాణ్ణి కదా!

డూప్లికేట్ కోసం ఈయన దగ్గరికెళ్తే, "రండి బావూ, మన బండే" అని తేట తెలుగులో కుర్చీ వేశాడు. 1,800 అన్నాడు. నా తాళం తీసుకుని లోపలికెళ్ళాడు. నేను బయట టీ తాగుతూ ఫోన్ చూసుకుంటున్నా. పావుగంటలో కొత్త తాళం తెచ్చి, తనే కారులో పెట్టి తిప్పాడు. ఒక్క దెబ్బకి స్టార్ట్. "ఇంటికి దీంతోనే వెళ్ళండి బావూ, సెట్ అవుతుంది" అన్నాడు. ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది. పాతది నా చేతిలో పెట్టాడు, నేను జేబులో వేసుకున్నా. ఆ నిమిషంలో పాతది కూడా ఒకసారి తిప్పి చూసి ఉంటే ఈ పోస్టే లేదు.

తర్వాత రెండూ ఒకే రింగులో వేసుకుని పాతదాంతోనే నడిపాను. ఓసారి స్టార్ట్ అవుతుంది, ఓసారి అవదు. సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. మీటర్లో తాళంచెవి బొమ్మ లైటు టపటపా కొట్టుకుంటుంది. రిమోట్ చక్కగా పనిచేస్తోంది, డోర్లు లాక్ అవుతున్నాయి, ఇక తాళం మీద అనుమానం ఎందుకొస్తుంది? మెకానిక్ బ్యాటరీ అన్నాడు. 4,200 పెట్టి కొత్తది వేయించాను. సెల్ఫ్ అంత జోరుగా తిరుగుతుంటే బ్యాటరీ ఎందుకు మార్చానని అడక్కండి, ఇంట్లో అడిగింది చాలు.

మొన్న ఆదివారం గోపాల్‌పూర్ బయల్దేరాం. "రెండూ ఒకే రింగులో పెట్టుకు తిరుగుతారా, పోతే రెండూ పోతాయి" అని మా ఆవిడ కొత్త తాళం తీసి బీరువాలో పెట్టింది. ఆవిడ మాట నూటికి నూరుపాళ్ళూ న్యాయమే. అప్పటికే బండి స్టార్ట్ చేసి గుమ్మం ముందు పెట్టేశాను, కాబట్టి ఏమీ తెలియలేదు. సాయంత్రం బీచ్ దగ్గర ఎన్నిసార్లు తిప్పినా బండి కదలదు. పిల్లలు, అత్తయ్య, చీకటి. చివరికి మా బావమరిది బీరువాలో తాళం తీసుకుని బైకు మీద వచ్చాడు. పెట్టి తిప్పగానే స్టార్ట్!

మర్నాడు మా ఊరి ఎలక్ట్రీషియన్, పెద్దాయన, అంతా విని నవ్వాడు. పాత తాళం తల ఊడదీసి నా ముందు పెట్టాడు. రిమోట్ బోర్డు ఉంది, బిళ్ళ బ్యాటరీ ఉంది. పక్కన బియ్యపు గింజంత గాడి మాత్రం ఖాళీ, అంచున ఎండిన ఫెవిక్విక్ మరక. ఉండాల్సిన చిప్ కొత్త తాళంలో కూర్చుంది. ఆ చిప్‌కి బ్యాటరీ అక్కర్లేదట. తాళం దూర్చే చోట చుట్టూ ఉన్న కాయిల్ దాన్ని చదువుతుంది, కోడ్ కలిస్తేనే బండి ఇంజన్‌ని వదులుతుంది. రింగుకి వేలాడే కొత్త తాళం ఆ కాయిల్ దగ్గరగా ఊగినప్పుడల్లా పాతది "పనిచేసింది". కొన్ని బళ్ళకి పాత చిప్ కాపీ కొడతారు, కొన్నిటికి స్టీరింగ్ కింద పోర్టుకి మిషన్ తగిలించి ప్రోగ్రాం చేస్తారు. ఏది చేసినా కొత్త చిప్ ఒకటి కావాలి కదా. షాపాయన కొన్నది ఫెవిక్విక్ ఒక్కటే.

నిన్న రెండు తాళాలూ పట్టుకుని వెళ్ళాను. నన్ను చూడగానే గుర్తుపట్టాడు, కళ్ళలోనే తెలిసిపోయింది. ఖాళీ గాడి చూపించాను. అంతే, ఆయన తెలుగు మర్చిపోయాడు. "ము కిచ్ఛి జాణిని" అన్నాడు, నాకేమీ తెలీదని ఒడియాలో. బావూ లేదు, కుర్చీ లేదు. తాళం నేనే విప్పానని, చిప్ నేనే పారేశానని పక్క షాపువాడికి ఒడియాలో చెబుతున్నాడు, నాకు అర్థం కానట్టు! నలబై ఏళ్ళుగా సరిహద్దులో బతుకుతున్నాను నాయనా. నేనూ ఒడియాలోనే అడిగితే బిల్లు చూపించమన్నాడు. బిల్లెక్కడిది, ఇస్తేగా. చివరికి నంబర్ ప్లేటు చూసి, "ఏపీ 30 బండి, ఆంధ్రాలోనే చేయించుకో పో" అన్నాడు. 1,800 తీసుకున్నప్పుడు ఆ నోట్లకి ఆంధ్రా వాసన రాలేదు కాబోలు. డబ్బు కంటే ఆ మాటే రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

చేయించుకునేవాళ్ళు తాళం మీ కళ్ళ ముందే విప్పించండి. కదిలేముందు పాతది, కొత్తది విడివిడిగా, ఒకదానికొకటి దూరంగా పెట్టి స్టార్ట్ చేసి చూడండి. బిల్లు అడగండి. సెకండ్ హ్యాండ్ కారు ఒకే తాళంతో కొనకండి, బండి దొంగతనానికి పోతే ఇన్సూరెన్స్ వాళ్ళు రెండు తాళాలూ అడుగుతారు.

అన్నట్టు, నా పాత బ్యాటరీ మెకానిక్ 700కి తీసుకున్నాడు. అది భేషుగ్గా ఉందట. ఇప్పుడు ఎవరి ఆటోలోనో హాయిగా తిరుగుతోంది.